తొమ్మిది వందల తొంభై గ్రాముల వైరాగ్యం

2023 ఆగస్టులో జియో కంపెనీ ల్యాప్‌టాప్ జియోబుక్ అమ్మకానికి వచ్చినప్పుడు దాని ధర రూ.16,499. బరువు 990 గ్రాములు, అంటే కిలోకు పది గ్రాములు తక్కువ. ఆ పది గ్రాములు ప్రకటనలు రాసేవాళ్లకు ముచ్చట కావచ్చు. హిందూపురం నుంచి బెంగళూరుకు రైల్లో పోయి వచ్చే విద్యార్థికి మాత్రం బరువు ముచ్చట కాదు. దాదాపు వంద కిలోమీటర్ల దారి అది. సీటు దొరికిన రోజు పండగే. దొరకని రోజు నిలబడినంతసేపూ సంచి భుజాన్నే ఉంటుంది.

కిలో లోపు బరువు ఊరికే రాలేదు. తెర 11.6 అంగుళాలు, ర్యామ్ 4 జీబీ, నిల్వ 64 జీబీ. ప్రాసెసర్ ఫోన్లలో, ట్యాబుల్లో పెట్టే తరహాది. విండోస్‌కు బదులు కంపెనీ సొంత ఓఎస్. ఆ 64 జీబీ కూడా ఈఎంఎంసీ రకం. ఎస్‌ఎస్‌డీ అంత వేగం ఉండదు, బోర్డుకే అతికించి ఉంటుంది కాబట్టి చాలకపోతే ఊడదీసి పెద్దది పెట్టుకునే వీలూ లేదు. ఈ తరగతి యంత్రాలన్నిటిదీ ఇదే కథ. మెగ్నీషియం మిశ్రమంతోనో కార్బన్ ఫైబర్‌తోనో ఒళ్లు పోస్తే తేలిగ్గా, గట్టిగా ఉంటుంది కానీ చవగ్గా ఉండదు. బ్యాటరీ పెంచితే బరువు పెరుగుతుంది, తగ్గిస్తే మధ్యాహ్నానికే ప్లగ్గు వెతుక్కోవాలి. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే ఇక్కడ నడవదు. ఏదో ఒకటి వదులుకోవాల్సిందే.

వదులుకోవడానికి మన మతాలన్నీ పెద్దపీట వేశాయి. త్యాగమన్నాయి, వైరాగ్యమన్నాయి, అపరిగ్రహమన్నాయి. మరి పదహారు వేల యంత్రం ముందు కూర్చున్నవాడు వేగాన్నీ రంగుల్నీ నిల్వనూ వదులుకున్నప్పుడు, అది ఆ లెక్కలోకి వస్తుందా? లేక జేబు చేసిన పనికి పెద్ద పేరు పెట్టుకోవడమేనా?

ఈ ప్రశ్న అడగడానికి పెనుకొండ కంటే తగిన ఊరు ఈ చుట్టుపక్కల లేదు. 2019 నుంచి కియా కార్ల ఫ్యాక్టరీతో వార్తల్లో ఉన్న పెనుకొండకు అంతకంటే చాలా పాత పేరొకటి ఉంది. దిగంబర జైనులు తమ నాలుగు విద్యాస్థానాలుగా ఢిల్లీ, కొల్హాపూర్, జినకంచితో పాటు పెనుకొండను చెప్పుకుంటారు. పచ్చరాతి పార్శ్వనాథుడి గుడి ఇప్పటికీ అక్కడుంది. ఇంకా ఉత్తరాన, గుంతకల్లు దగ్గరి కొనకొండ్ల, దిగంబరులు ఎంతో పూజ్యంగా చూసే కుందకుందాచార్యుల ఊరని ప్రతీతి. సొంతమంటూ దారప్పోగు కూడా ఉంచుకోని మునుల మతం ఈ ఎర్రనేల మీద అలా శతాబ్దాల పాటు చదువు చెప్పింది.

జైనం సంసారిని బట్టలు విప్పెయ్యమనలేదు. అతనికి వేరే వ్రతం పెట్టింది: పరిగ్రహ పరిమాణం. నీకెంత కావాలో నువ్వే లెక్కగట్టు, ఆ గీత దాటకు, అంతే. గీత ఎక్కడ గీయాలన్నది గీసేవాడి ఇష్టం. శ్వేతాంబర జైనుల గ్రంథం ఉపాసకదశాంగంలో ఆనందుడనే గృహస్థుడు ఈ వ్రతం పట్టిన తీరు చదివితే నవ్వూ వస్తుంది, ఆలోచనా పుడుతుంది. కోట్ల బంగారం, పదేసి వేల ఆవులున్న నాలుగు మందలు, అయిదు వందల నాగళ్లు ఉంచుకుని, అంతకు మించి వద్దంటాడు. అక్కడితో ఆగక పళ్లు తోముకునే పుల్ల ఏ చెట్టుదో, తినే పండు ఏదో కూడా ఒక్కొక్కటిగా తేల్చుకుంటాడు. కోట్లు అట్టిపెట్టుకున్నవాడిది ఏం వైరాగ్యమని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం ప్రకారం పరిగ్రహమంటే వస్తువు కాదు, దాని మీద మనసుకు పట్టే మమకారం. కాబట్టి తక్కువ ఉండటం దానంతటదే గొప్ప కాదు. లెక్క తెలిసి, తనంతట తాను ఆగాలి.

పెనుకొండలోనే బాబయ్య దర్గా ఉంది. ఈ బాబయ్య, అంటే బాబా ఫక్రుద్దీన్, ఒకప్పుడు రాజ్యమేలిన వాడని, సింహాసనం వదిలి తిరుచిరాపల్లి నత్తర్ వలీకి శిష్యుడయ్యాడని భక్తులు చెబుతారు. గురువిచ్చిన పళ్లపుల్ల ఎక్కడ చిగురిస్తే అక్కడ ఆగమని ఆజ్ఞట, అది పెనుకొండలో చిగురించిందట. అటు మహావీరుడూ రాజకుమారుడే, ఇటు బాబయ్యా రాజే. వదులుకున్నవాళ్ల జాబితాలో రాజులే ఎక్కువగా కనిపించడం కాకతాళీయం కాదు. ఉన్నవాడు వదిలితేనే లోకం దాన్ని త్యాగమని గుర్తిస్తుంది. లేనివాడు లేకుండా బతికితే దానికి పేరే ఉండదు.

ల్యాప్‌టాప్‌ల చరిత్రలోనూ సరిగ్గా ఇదే జరిగింది. 2007లో తైవాన్ కంపెనీ ఏసుస్ ఈ-పీసీ 701 తెచ్చింది. ఏడంగుళాల తెర, 4 జీబీ నిల్వ, కిలో లోపు బరువు. సీడీ డ్రైవ్ లేదు. జనం దాన్ని చవక బొమ్మ అన్నారు. కొద్ది నెలలకే, 2008 జనవరిలో, స్టీవ్ జాబ్స్ ఆఫీసు కవరులోంచి మ్యాక్‌బుక్ ఎయిర్ తీసి చూపించాడు. దానికీ సీడీ డ్రైవ్ లేదు, యూఎస్‌బీ ఒక్కటే, ర్యామ్ పెంచే వీలు లేదు. ధర 1,799 డాలర్లు. అది నాజూకుతనం అయిపోయింది. రెండూ వదులుకున్నవే. ఒకదానిలో లేనిది లేమి కింద లెక్క, రెండోదానిలో లేనిది అభిరుచి కింద లెక్క.

వదులుకోవాల్సిందేమిటో పక్కవాడు తేల్చినప్పుడు సంగతి ఇంకా చిక్కుబడుతుంది. 2021 జనవరి 11న నెల్లూరులో అమ్మ ఒడి పథకం రెండో విడత సొమ్ము విడుదల చేస్తూ అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి, తర్వాతి ఏడాది నుంచి 9 నుంచి 12వ తరగతి పిల్లల తల్లులు కావాలంటే రూ.15,000 నగదుకు బదులు ల్యాప్‌టాప్ తీసుకోవచ్చన్నారు. 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, 14 అంగుళాల తెర, మూడేళ్ల వారంటీ అని అప్పట్లో వార్తలొచ్చాయి. ఒక చేతిలో నగదు, ఇంకో చేతిలో యంత్రం: నిజానికి ఇది అచ్చమైన పరిమాణ వ్రత ఘట్టం. ఇంటికి ఎంత కావాలో, ఏది కావాలో తల్లే తేల్చుకోవాలి. చివరికి ఆ ల్యాప్‌టాప్‌లు పిల్లల చేతికి రాలేదు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. ట్యాబు మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ల్యాప్‌టాప్‌కు ఉండి ట్యాబుకు లేని కీబోర్డు అవసరమా కాదా అన్న నిర్ణయం మాత్రం ఇంట్లో జరగలేదు.

అందుకే పేదవాడికి సంతృప్తి బోధించే వేదాంతాన్ని కొంచెం అనుమానంగానే చూడాలి. చాలు అనే హక్కు మొదట చాలినంత ఉన్నవాడిదే. అయినా జైనం దగ్గర ఈ సంతలో పనికొచ్చే సరుకొకటి ఉంది, అది అనేకాంతవాదం. వస్తువుకు అనేక ముఖాలు. ఏ ముఖం చూసి మాట్లాడుతున్నావో చెప్పకుండా అన్న మాట సగం మాటే. స్యాద్వాదంలో ప్రతి వాక్యం ముందూ ‘ఒక దృష్టితో’ అని చేర్చమంటారు. ఒక దృష్టితో ఈ ల్యాప్‌టాప్ తేలిక. ఛార్జర్ కూడా సంచిలో వేస్తే, ఇంకో దృష్టితో కాదు. ఇది ఏదైనా సరే అనే గోడమీద పిల్లి వాటం కాదు. ఏ పనికి, ఎవరి భుజానికి, ఎన్నేళ్లకు అని అడిగితే జవాబు గట్టిగానే వస్తుంది. ‘బెస్ట్ ల్యాప్‌టాప్’ అని అరిచే ప్రకటనకే ఆ మూడింటిలో ఒక్కదానికీ జవాబుండదు.

ధర్మవరంలో ఈ సంగతి ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. పట్టుచీర కొనేవాళ్లు జరీని చేత్తో తూచినట్టు పట్టి చూస్తారు. వెండి తీగ మీద బంగారు పూత పూసిన అసలు జరీకీ, రాగి తీగ జరీకీ ధరలో తేడా వాళ్లకు తెలుసు. చీరకు బరువు గౌరవం, ల్యాప్‌టాప్‌కు తేలిక గౌరవం. 1804 నాటి జకార్డ్ చిల్లుల అట్టల ఆలోచనే తర్వాత బాబేజ్ గీసిన గణన యంత్రంలోకి వెళ్లింది. ఆ రకంగా కంప్యూటర్ ముత్తాత ధర్మవరం మగ్గాల నెత్తిన కూర్చునే ఉంది. ఇప్పుడు అంచు డిజైన్లు కంప్యూటర్ మీద గీస్తున్నారు. ఆ పని చేసేవాళ్లకు 990 గ్రాముల యంత్రం దండగ. చవక తెరలు చాలావాటిలో రంగులు వెలిసిపోయినట్టుంటాయి, అందులో చూసి నప్పిందనుకున్న మెరూన్ పట్టు మీద వేరేగా దిగుతుంది. ఆ చిన్న తెర మీద బుటా గడులు లెక్కపెడితే కళ్లు పోతాయి. వాళ్లకు పెద్ద తెర, మంచి రంగులు కావాలి. బరువు ఎంతున్నా ఫరవాలేదు, మగ్గం నడిచే ఇల్లు దాటి అది ఎక్కడికీ పోదు. హిందూపురం రైల్లో నిలబడే అమ్మాయికి, నోట్సు రాసి పాఠాలు వినడమే పనైతే, అదే యంత్రం బాగానే చాలుతుంది. కోడింగ్ కోర్సులో చేరిందంటే ఆర్నెల్లకే 4 జీబీ ఇరుకైపోతుంది.

ఆ ఇరుకు దగ్గరే అసలు అభ్యంతరం. ఈ రోజు 4 జీబీ చాలనుకోవడం ఆమె గీసుకున్న గీత. రేపు అవసరం మారితే గీత జరుపుకోవాలన్నా ఆ యంత్రం ఒప్పుకోదు, ర్యామ్‌ను టంకం వేసి బిగించేశారు. వ్రతంలో గీత గీసేది మనిషి, ఇక్కడ గీసింది తయారీదారు.

హిందూపురం విద్యార్థికి ఇంకో దారి ఉంది, అదే రైలు చివర: బెంగళూరు ఎస్పీ రోడ్డు. కార్పొరేట్ ఆఫీసులు వాడి వదిలేసిన వ్యాపార తరగతి ల్యాప్‌టాప్‌లను బాగుచేసి అమ్మే అంగళ్లు అక్కడ వరసగా ఉంటాయి. వాటిలో చాలావాటి బరువు కిలోన్నర పైనే. బ్యాటరీ అరిగి ఉంటుంది, వారంటీ నాలుగు రోజుల ముచ్చట. కానీ అడుగున మరలు తిప్పితే ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, బ్యాటరీ మార్చుకునే వీలున్న మోడళ్లు దొరుకుతాయి. జైన దృష్టితో చూస్తే ఇంకో సంగతి కూడా ఉంది. కొత్త యంత్రం వెనుక గనులున్నాయి, చివర చెత్త ఉంది. ఆ చెత్త బాధ్యత తయారీదారుల మీద పెట్టే కొత్త ఈ-వేస్ట్ నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నా, మరమ్మతుకు లొంగని చవక యంత్రం ఆ గుట్టలోకి ముందుగా చేరుతుంది. పాత యంత్రం నాలుగేళ్లు అదనంగా నడిస్తే ఆ మేరకు హింస తగ్గినట్టే. అరకిలో బరువు భుజం మీద పడితే పడనీ, దీనికే మొగ్గు చూపడం న్యాయం. భుజం నొప్పి ఉన్నవాళ్లను మాత్రం ఈ న్యాయంతో వేధించకూడదు.

ఇక అంగట్లో ఎదురయ్యేది, ఇంకో అయిదు వేలు వేసుకుంటే పై మోడల్ వస్తుందనే మాట. ఆపైన ఈఎంఐ. ఉమాస్వాతి పరిగ్రహ పరిమాణ వ్రతానికి అతిచారాలు, అంటే గీత దాటే తీరులు, పేరుపేరునా చెప్పాడు: పొలాలూ ఇళ్లూ, వెండీ బంగారం, పశువులూ ధాన్యం, పనివాళ్లు, చివరగా కుప్యం. పొలం, బంగారం లాంటి పెద్ద పద్దుల్లోకి రాని ఇంటి సామానంతా ఈ చివరి దాని కిందికి వస్తుంది. ఆ సూత్రానికి పూజ్యపాదుడు రాసిన వ్యాఖ్యానం ఇందులో నూలు, పట్టుబట్టలను కూడా చేర్చింది. ఆ లెక్కన ధర్మవరం చీరకూ ల్యాప్‌టాప్‌కూ ఒకటే పద్దు, ఎన్ని వేలన్నది రైలెక్కక ముందే రాసుకోవాలి.