ఇదేందో చెప్పుకోండి



ముద్దనూరు నుంచి బతుకుతెరువు కోసం కువైట్‌కో, బెంగళూరుకో వెళ్లిన స్నేహితులు వాట్సాప్‌లో ఒక మంచి ఆట ఆడుకుంటారు. ఒకరు పాత వస్తువు ఫొటో పెట్టి "ఇదేందో చెప్పుకోండి" అంటారు. మిగతావాళ్లు విప్పాలి.

అలాంటి ఫొటో ఒకటి నేనూ చూశాను. నున్నగా అరిగిన కొయ్య గిన్నె, అడుగున రంధ్రాలు. గంధం గిన్నె అన్నారొకరు, దీపపు కుంది అన్నారింకొకరు. చివరికి ఊళ్లో ఉన్న అవ్వ చెప్పింది, అది జడ్డిగమని. విత్తనాల గొర్రుకు పైన ఉండేది అదే. అందులో వదిలిన గింజలు వెదురు గొట్టాల్లోంచి జారి సాళ్లలో పడతాయి. అన్ని సాళ్లకూ సమంగా పడేట్టు పిడికిలి సడలించడం మన ఆడవాళ్ల చేతి నేర్పు. ట్రాక్టర్లు వచ్చాక జడ్డిగం అటకెక్కింది.

పొడుపుకథలు విప్పుకుంటూ పెరిగినవాళ్లం మనం. ఈ ఆటలో తప్పు చెప్పినా నష్టం లేదు. ఆ రంధ్రం ఎందుకు, ఆ అరుగుదల ఎవరి చేతిది అని ఆలోచిస్తాం చూడండి, అక్కడే మన పెద్దల కష్టం మనకు అర్థమవుతుంది.

మీ అటక మీదా అలాంటి వస్తువు ఉండే ఉంటుంది. దాన్ని వాడిన పెద్దలు మన మధ్య ఉండగానే అడగండి. విన్నది పిల్లలకు చెప్పండి.