నీలాపనిందలు, వరద గోదావరి: శమంతకోపాఖ్యానం కోనసీమకి చెప్పే మాట

ఈ వారం వీడియోలో సమయం చాలక చెప్పలేకపోయిన విషయాలు ఇక్కడ రాస్తున్నాను. అందులో ఒకటి నా సొంత తప్పు. కెమెరా ముందు చెప్పడానికి నోరు రాలేదు, అందుకే రాస్తున్నాను. నిదానంగా చదవండి.

మొన్నామధ్య రాజోలు వైపు ఒక ఊళ్ళో సత్యనారాయణ వ్రతం చేయించాను. ప్రసాదం పంచుతుండగా ఆ ఇంటి పెద్దావిడ నన్ను పెరట్లోకి తీసుకెళ్ళారు. కొబ్బరిచెట్లు చూపించారు. మొవ్వు ఎండిపోయి, ఆకులు రాలిపోయి, మోడులు మాత్రం నిలబడి ఉన్నాయి. "పంతులుగారూ, నా పెళ్ళినాటికి మా మావగారు వేసిన చెట్లండి ఇవి. ఇది దిష్టంటారా? శాపమంటారా? లేకపోతే ఎవరైనా కావాలని చేశారంటారా? ఊళ్ళో తలో మాటా చెబుతున్నారండి" అన్నారు.

ఆ ప్రశ్న ఆవిడ ఒక్కరిదే కాదు. 2025 నవంబరు చివర్లో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ గారు ఎండిన తోటలు చూడడానికి కేశనపల్లి వచ్చారు. కోనసీమ పచ్చదనానికి తెలంగాణ దిష్టి తగిలిందన్న అర్థంలో ఒక మాట అన్నారు. తెలంగాణ మంత్రులు క్షమాపణ చెప్పమన్నారు. మాటను వక్రీకరించవద్దని ఆయన పార్టీ చెప్పింది. కొన్ని రోజులపాటు టీవీల్లో దిష్టి గురించే చర్చ. చెట్టు మొదట్లో నిలిచిన నీళ్ళ గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ.

అవతలి గట్టువాళ్ళనీ ఒకసారి తలుచుకుందాం. 2022 జూలైలో గోదావరి వచ్చింది గుర్తుందా? భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. ఆ వరద సమయంలోనే, జూలై 17న, అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు గారు భద్రాచలంలో ఒక మాటన్నారు. ఎంతవరకు నిజమో తెలియదంటూనే, ఇతర దేశాలవాళ్ళు కావాలని మన దగ్గర క్లౌడ్ బరస్ట్‌లు చేయిస్తున్నారని, లదాఖ్‌లో, ఉత్తరాఖండ్‌లో చేశారని, ఇప్పుడు గోదావరి మీద చేస్తున్నట్టు సమాచారం ఉందని అన్నారు. దాని మీదా పెద్ద గొడవే అయ్యింది. నవ్వినవాళ్ళు నవ్వారు, నమ్మినవాళ్ళు నమ్మారు.

నేను రాజకీయం మాట్లాడడం లేదండి. ఈ రెండు మాటలూ రెండు వేరువేరు పార్టీల పెద్దల నోట వచ్చాయి. అంటే ఇది ఒక పార్టీ జబ్బు కాదు, మనందరి స్వభావం. కష్టం వచ్చినప్పుడు మనకి ముందు కావలసింది కారణం కాదు, మనిషి. "ఎవడు చేశాడు?" అని అడుగుతాం. ఎవడో ఒకడు దొరికితే మనసు కుదుటపడుతుంది.

ఈ స్వభావం గురించే మన పెద్దలు ఏటా వినాయక చవితి నాడు ఒక కథ చదివిస్తారు. అక్షతలు చేతిలో పట్టుకుని వింటాం, తల మీద వేసుకుంటాం, ఉండ్రాళ్ళు తింటాం, మర్చిపోతాం. అదే శమంతకోపాఖ్యానం.

కథ మీకు తెలుసు. సత్రాజిత్తుకి సూర్యభగవానుడు శమంతకమణి ఇచ్చాడు. దాన్ని రాజుకి ఇమ్మని కృష్ణుడు అడిగాడు, సత్రాజిత్తు ఇవ్వలేదు. తరవాత అతని తమ్ముడు ప్రసేనుడు ఆ మణి మెళ్ళో వేసుకుని వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. "మణి మీద ఆశతో కృష్ణుడే చంపి ఉంటాడు" అన్నాడు సత్రాజిత్తు. ఆ మాట చెవినుంచి చెవికి ద్వారకంతా పాకింది. ఇక్కడ ఒక సూక్ష్మం గమనించండి. ఆ అనుమానానికి ఆధారం బొత్తిగా లేకపోలేదు. కృష్ణుడు మణి అడిగిన మాట నిజం. ప్రసేనుడు కనబడని మాట నిజం. రెండు నిజాల మధ్య ఒక అబద్ధం కూర్చుంది. పుకారు ఎప్పుడూ అలాగే పుడుతుంది. పూర్తి అబద్ధమైతే ఎవరూ నమ్మరు కదా!

మరి కృష్ణుడు ఏం చేశాడు? సాక్షాత్తూ పరమాత్మ. సత్రాజిత్తుని తిట్టలేదు, నామీద కుట్ర అని ఎదురు నింద వెయ్యలేదు. పురజనుల్ని వెంటబెట్టుకుని అడవికి వెళ్ళాడు. ప్రసేనుడి శవం, గుర్రం కళేబరం కనబడ్డాయి. పక్కన సింహం అడుగులు. ఆ జాడ పట్టుకుని వెళితే చచ్చిన సింహం. అక్కణ్ణుంచి ఎలుగుబంటి అడుగులు. ఆ జాడ ఒక గుహలోకి వెళ్ళింది. జనం బయట ఆగారు, స్వామి చీకట్లోకి దిగాడు. జాంబవంతుడితో 28 రోజులు పోరు. బయట నిలబడ్డవాళ్ళు 12 రోజులు చూసి ఇంటికెళ్ళిపోయారని భాగవతం చెబుతోంది. నిజం తేలేదాకా నిలబడే ఓపిక జనానికి ఉండదని వ్యాసులవారికి అప్పుడే తెలుసు.

నాయనలారా, సర్వజ్ఞుడైన దేవుడే అడుగుజాడ వెతికాడు. మనం మాత్రం ఫోన్ తెరిచి, ఒక వేలితో తీర్పు చెప్పేస్తున్నాం.

సరే, గోదావరి వరద జాడ పట్టుకుని మనమూ కొంచెం నడుద్దాం. క్లౌడ్ బరస్ట్ అంటే చిన్న ప్రాంతంలో, 20 నుంచి 30 చదరపు కిలోమీటర్ల మేర, గంటలో 10 సెంటీమీటర్ల వాన. మన గోదావరి పరీవాహక ప్రాంతం 3 లక్షల చదరపు కిలోమీటర్ల పైమాటే. నాసిక్ దగ్గర త్ర్యంబకం నుంచి వచ్చే తల్లికి దారిలో ప్రాణహిత, ఇంద్రావతి, శబరి కలుస్తాయి. అక్కడంతా రోజుల తరబడి కుండపోతగా కురిస్తేనే ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటుతాయి. ఒక చోట ఒక మబ్బు పగిలితే రావు. అంత వానని ఏ దేశమైనా మీట నొక్కి కురిపించగలదంటే ఆ విద్య ఇంకా ఎవరి దగ్గరా లేదు.

అప్పుడు కొందరు పెద్దవాళ్ళు ఇంకో మాటంటారు. "1986లో ఇంతకన్నా పెద్ద వరద వచ్చింది కదండీ. భద్రాచలంలో 75 అడుగులు, ధవళేశ్వరంలో 35 లక్షల క్యూసెక్కులు. అప్పుడు లేని వాతావరణ మార్పు ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది? అదంతా బూటకం" అని. వాళ్ళు చెప్పిన లెక్క నిజమే. వరదలు మన తాతల నాడూ ఉన్నాయి. ఏ ఒక్క వరదనీ చూపించి ఇదిగో వాతావరణ మార్పు అనడం తొందరపాటే. కానీ గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ మోస్తుంది. మోసింది ఎక్కడో కుమ్మరించాలి కదా! సముద్ర మట్టం పెరుగుతోంది. పైన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోయి, డెల్టాకి కొత్త మట్టి తగ్గింది. పాత వరద నిజం, కొత్త మార్పూ నిజం. ఒకటి రెండోదాన్ని అబద్ధం చెయ్యదు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

ఆ 2022 జూలైలోనే, కొత్తపేట వైపు ఒక లంకలో నా పురాణం ఏళ్ళ తరబడి వింటున్న కుటుంబం ఉంది. గట్టు మీదికి వచ్చెయ్యమని అధికారులు మైకులో చెబుతున్నారు. ఆ సాయంత్రం నాకు ఎవరో ఒక వాయిస్ మెసేజ్ పంపారు. "భద్రాచలంలో తగ్గుముఖం పట్టింది. లంకలు ఖాళీ చేయించి ఇసుక తవ్వుకోవడానికి కావాలని భయపెడుతున్నారు, ఎవరూ కదలొద్దు" అని ఒక గొంతు, చాలా ధీమాగా. ఇసుక కోసం లంకలు కోసుకుపోవడం మనం చూస్తున్నదే కదా అనుకున్నాను. ఎవరిదో ఆ గొంతు, ఏ రోజు చెప్పిందో, ఏమీ అడగలేదు. రెండు చేతులూ జోడించిన బొమ్మ పెట్టి మన భక్తుల గ్రూపులో పంపేశాను.

భద్రాచలంలో తగ్గినా అక్కడి నీరు మన దగ్గరికి రావడానికి సుమారు ఒక రోజు పడుతుంది. అక్కడ దిగుతున్నప్పుడే ఇక్కడ ఎక్కుతుంది. ఏటిగట్టున పుట్టిన నాకు ఆ సంగతి తెలియదా? తెలుసు. ఆ క్షణంలో తెలుసుకోబుద్ధి కాలేదు.

ఆ రాత్రి వాళ్ళింట్లోకి నీరొచ్చింది. తెల్లవారుజామున పడవ వెళ్ళి మనుషుల్ని తెచ్చింది, దేవుడి దయ. కట్టుకొయ్యకి ఉన్న రెండు గేదెల్ని విప్పే వీలు లేకపోయింది. వారం తరవాత నేను పరామర్శకి వెళితే ఆ ఇంటి ఇల్లాలు మజ్జిగ ఇచ్చి, ఏ కోపమూ లేకుండా అన్నారు: "మీరు పంపారు కదండీ, అందుకే ఆగాం." ఆ రెండు గేదెలే ఆ ఇంటి ఆధారం. ఆ మజ్జిగ ఎవరి పాలదో తెలుసుకోవడానికి కూడా నాకు ధైర్యం చాల్లేదు.

ఆ మెసేజ్ ఇంకెవరో పంపితే వాళ్ళు నమ్మేవారు కాదేమో. పురాణం చెప్పే నోరు కదా అని నమ్మారు. ఆ ఏడాది వినాయక చవితి నాడు కథ చదువుతుంటే సత్రాజిత్తు దగ్గర గొంతు పట్టేసింది. అప్పటిదాకా ఆ కథలో నేను కృష్ణుడి పక్షం అనుకునేవాణ్ణి.

సత్రాజిత్తు తరవాత ఏం చేశాడో కూడా కథలో ఉంది. నిజం తెలిశాక సభలో తల వంచుకున్నాడు, దిద్దుకున్నాడు. మణి ఇవ్వబోతే స్వామి తీసుకోలేదు. తప్పు ఒప్పుకున్నవాడికి స్వామి దగ్గర చోటు ఉందన్నమాట. అందుకే నేనూ ఈ రోజు నలుగురి ముందు ఒప్పుకుంటున్నాను.

మావంటి ప్రవచనకారులం ఇంకో తప్పు కూడా చేస్తుంటాం. ఉపద్రవం రాగానే "పాపం పండింది, అందుకే" అంటాం. 1996 నవంబరు 6 రాత్రి తుపానులో వెయ్యిమందికి పైగా పోయారు. వేటకి సముద్రం మీదికి వెళ్ళినవాళ్ళు ఎందరో తిరిగి రాలేదు. వలేసుకుని పొట్టపోసుకునేవాడి పాపమా అది? కర్మ సిద్ధాంతం నా కష్టంలో నన్ను నేను సరిదిద్దుకోవడానికి ఉంది. పక్కవాడి శవం దగ్గర నిలబడి లెక్కలు చదవడానికి లేదు.

అలాగని అనుమానించడమే తప్పని నేను చెప్పను. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర బావి అంటుకుని రెండు నెలలు మండిన జ్వాల మన కళ్ళారా చూశాం. చమురు, గ్యాసు తవ్వకాల మీద కోనసీమవాళ్ళకి భయం ఉందంటే ఊరికే లేదు. ప్రశ్న అడగండి, గట్టిగా అడగండి. అడిగినవాడు జాడ వెంట నడవాలి. నడవకుండా తీర్పు చెబితేనే అది నీలాపనింద.

ఆ జాడ ఒక్కోసారి మన పెరట్లోకే వస్తుంది. మడ అడవి కొట్టి రొయ్యల చెరువు తవ్వింది ఏ విదేశీయుడు? మురుగుకాలవలో చెత్త వేసింది ఏ శత్రువు? పూడిక తియ్యలేదని ఎన్నికలప్పుడు గానీ అడగనిది ఎవరు? విదేశాల కుట్ర అనుకుంటే మనం చెయ్యవలసిన పని ఏమీ ఉండదు. అందుకే ఆ మాట అంత హాయిగా ఉంటుంది.

కాబట్టి ఈ చాతుర్మాస్యంలో మూడు నియమాలు పెట్టుకుందాం. ఒకటి, వాన గురించి, వరద గురించి ఏ మాటైనా పంపేముందు ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎక్కడ చెప్పారు అని మూడు ప్రశ్నలు వెయ్యండి. జవాబు లేకపోతే పంపకండి. రెండు, మైకులో రమ్మంటే గట్టెక్కండి. ముందు గేదెల తాళ్ళు విప్పండి. నీరు రాకపోతే నష్టమేముంది, ఒక రాత్రి నిద్రేగా! మూడు, నీరు తీశాక టీవీ ముందు కాదు, గ్రామసభలో కూర్చోండి.

పెరట్లో ఆ పెద్దావిడకి నేను ఇదంతా చెప్పలేదు. "అమ్మా, చెట్లు చావకముందు ఇక్కడ ఏం చూశారు?" అని అడిగాను. ఆవిడ తడుముకోలేదు. "పోటు వేళ డ్రెయిన్ వెనక్కి తన్ని ఉప్పునీరు వచ్చేదండి. రోజుల తరబడి నిలిచిపోయేది. ఇంట్లో బావినీళ్ళు కూడా ఉప్పనయ్యాయి" అన్నారు. శంకరగుప్తం డ్రెయిన్‌లోంచి సముద్రపు నీరు ఎగదన్నడం వల్లే తోటలు పోతున్నాయని రైతులు మొత్తుకుంటున్నది ఇదే. జాడ ఆవిడ కాళ్ళ దగ్గరే ఉంది. "మరి ఈ మాట ఎవరికైనా చెప్పారా తల్లీ?" అంటే, "నన్నెవరడిగారండి?" అన్నారు.

అడుగుదాం. అడిగించుకుందాం. సత్యాన్ని వెతకడం కూడా ఆ సత్యనారాయణుడి వ్రతమే.

గోదారి తల్లి మనల్ని చల్లగా చూడాలని, అంతర్వేది నరసింహుడు, అయినవిల్లి విఘ్నేశ్వరుడు మనకి వివేకం ఇవ్వాలని కోరుకుంటూ సెలవు. ఈ వ్యాసం నచ్చితే నలుగురికీ పంపండి. పంపేముందు నేను రాసినదాంట్లో తప్పుందేమో కూడా చూడండి. ఉంటే నాకు చెప్పండి, దిద్దుకుంటాను.

శుభం భూయాత్.