ఎంత చూపిద్దామమ్మా?

జూలై నెల వచ్చిందంటే మా ఇంట్లో రెండు పనులు. ఆవకాయ జాడీలో నూనె పైకి తేలిందో లేదో చూసుకోవడం ఒకటి, ఆడిటరు గారికి కాగితాలు పంపించడం రెండోది. మొదటిది నా పని, రెండోది మావారి పని. పెళ్లయిన దగ్గర్నుంచీ ఈ పంపకం ఇలాగే సాగుతోంది. రెండో పనిలో నా వంతల్లా పెట్టమన్న చోట సంతకం పెట్టడమే. ఈమధ్య అదీ లేదు. నా సెల్‌ఫోనుకి ఆరంకెలు వస్తాయి. పులుసులో పోపు వేస్తూ ఆ అంకెలు వంటింట్లోంచి కేకేసి చెబితే చాలు. అదే సంతకం.

2024 జూలైలో మాత్రం ఈ పంపకం తారుమారైంది. నా నవలల మీద ఆ ఏడాది వచ్చిన రాయల్టీ 38,400 రూపాయలు. అందులో పదో వంతు, అంటే 3,840, ఇన్‌కంటాక్సు కింద పట్టుకుని మిగతాది పంపించారు. "మీకు పన్ను పడేంత ఆదాయం లేకపోతే రిటర్నులో చూపించండి, వెనక్కి వస్తుంది" అన్నారు ప్రచురణకర్త. నా రాతల మీద వచ్చిన డబ్బు కదా, ఈసారి ఆడిటరు గారి దగ్గరికి నేనే వెడతానన్నాను.

"వానలో నువ్వెందుకు? నేను పంపిస్తాగా" అన్నారు మావారు. ఆయన ముఖం అదోలా ఉంది. వాన గురించేననుకున్నాను.

ఆడిటరు గారు మంచివారే. కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, కళ్లజోడు సర్దుకుని అడిగారు:

"ఈ ఏడు ఎంత చూపిద్దామమ్మా?"

ఎంత వచ్చిందని కాదు, ఎంత చూపిద్దామని! మనందరికీ అలవాటైన మాటే. "వాళ్లబ్బాయి బాగా సంపాదిస్తాడుగానీ తక్కువ చూపిస్తాడు" అని పేరంటాల్లో ఎన్నిసార్లు వినలేదు? పెళ్లిచూపుల్లో పిల్లని చూపించినట్టు ఆదాయాన్నీ కాస్త సింగారించో, కాస్త కప్పిపుచ్చో చూపిస్తాం కాబోలు అనుకుని నవ్వుకున్నాను. నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఆయన నిరుటి ఫైలు నా ముందుకు జరిపారు. నా పేరు, నా పుట్టినతేదీ, నా పాన్ నంబరు అన్నీ సరిగానే ఉన్నాయి. దాని కింద వృత్తి: లేడీస్ టైలరింగు, ఎంబ్రాయిడరీ. నికరాదాయం 1,80,000.

"ఇది ఎవరిదండీ?" అన్నాను.

"మీదేనమ్మా."

నాకు సూదిలో దారం ఎక్కించడం రాదు సుమండీ! జాకెట్టు హుక్కు ఊడితే అత్తయ్యగారి ముందు నిలబడేదాన్ని. అలాంటిది పదేళ్లుగా నేను ఊళ్లో ఆడవాళ్లకి జాకెట్లు కుడుతున్నానట, చీరెల మీద పువ్వులు అల్లుతున్నానట. పేజీలన్నీ తిరగేశాను. రాయల్టీ అన్న మాట ఎక్కడా లేదు. "పన్ను పట్టుకునేంత ఎప్పుడూ రాలేదు కదమ్మా, సార్ కూడా చెప్పలేదు" అన్నారాయన. అంటే నేను చేసే పని లెక్కలో లేదు, చేయని పని లెక్కలో ఉంది.

ఎందుకిలా అంటే ఆయన ఓపిగ్గా చెప్పారు. మావారు తన జీతంలో మిగిల్చిన డబ్బు ఏటా నా పేరున బ్యాంకులో వేస్తూ వచ్చారు. అది పన్నెండు లక్షలైంది. దాని మీద ఏడాదికి 84,000 వడ్డీ. భర్త తన డబ్బు భార్యకి ఊరికే ఇచ్చి ఆమె పేరున పెడితే, దాని మీద వచ్చే వడ్డీ భర్త ఆదాయంలోనే కలపాలని చట్టం. మావారిది ముప్ఫై శాతం తరగతి. కలిపితే సెస్సుతో సహా 26,208 రూపాయలు పన్ను. అదే ఆ పన్నెండు లక్షలూ నేను కుట్టి సంపాదించుకున్నవే అయితే వడ్డీ నాది, నా మొత్తం ఆదాయం మీద పన్ను సున్నా. ఆ సున్నా కోసం నాకో కుట్టుమిషను కావలసొచ్చింది.

"బ్యాంకు వడ్డీ దాచలేమమ్మా. 2021 నుంచి ఎవరెవరు మీకు ఎంతెంత ఇచ్చారో డిపార్టుమెంటు వాళ్లే పట్టిక వేసి చూపిస్తున్నారు. కుట్టుపనైతే అడిగేవాళ్లుండరు" అన్నారు.

"మరి ఇది తప్పు కదండీ?"

"మీవాళ్లు చెప్పిందే నేను రాస్తాను. నిజమేనని సంతకం చేసేది మీరు కదమ్మా."

ఆ మాటకి కోపం వచ్చింది. బయటికొచ్చి రిక్షా కోసం నిలబడ్డాక ఆ మాటలో నిజముందనిపించింది. చెప్పినవారు మావారు, రాసినవారు ఆడిటరు గారు, ఒప్పుకున్నది నేను. ముగ్గురి చేతుల మీదుగా నడిచిన అబద్ధం ఎవరిది? మావారినడిగితే ఆడిటరు గారి సలహా అంటారు. ఆడిటరు గారినడిగితే సంతకం నాదంటారు. నన్నడిగితే నాకేం తెలుసు, పోపు వేస్తున్నానంటాను. కానీ, నాకు తెలిసినంతలో, నేను నమ్మినంతలో ఇందులోనివన్నీ నిజాలేనని ప్రతి ఏటా ఆ ఆరంకెలతో చెప్పింది నేనే. చదవకపోవడం నా అమాయకత్వమని ఇన్నాళ్లూ అనుకున్నాను. అది సుఖం. తెలుసుకుంటే తలనొప్పి కనక తెలుసుకోలేదు.

ఇంటికొచ్చి అడిగాను. మావారు దబాయించలేదు. "ఎవరి నోరు కొట్టాం చెప్పు? జీతం మీద పైసాతో సహా పన్ను కట్టాను. వేలకోట్లు ఎగ్గొట్టి విమానమెక్కినవాళ్లని వదిలేసి, ఇరవయ్యారు వేలకి నన్ను నిలదీస్తావా?" అన్నారు. అంతటితో ఆగక భాగవతం తీశారు. ఆడవాళ్ల విషయంలో, పెళ్లి వ్యవహారాల్లో, ప్రాణమో డబ్బో పరువో పోయేటప్పుడు అబద్ధమాడినా పాపం లేదని శుక్రాచార్యులంతటివాడు చెప్పలేదా అన్నారు.

చెప్పాడు. శిష్యుడి ఆస్తి కాపాడాలనే చెప్పాడు. ఆమాటకొస్తే మన పురాణాల్లో మొదటి ఆడిటరు శుక్రాచార్యులవారేనేమో! కానీ ఆ సలహా విన్న బలిచక్రవర్తి ఏం చేశాడు? గురువు మాట తోసేసి, ఆడిన మాట నిలబెట్టుకున్నాడు. మనం బలిని పొగుడుతాం, శుక్రుడి సలహా పాటిస్తాం. అదే నేనంటే "నీతో వాదించలేను" అని పేపరు అడ్డం పెట్టుకున్నారు.

ఆయన్ని మరీ ఆడిపోసుకోను. పన్నుని మోసగించడం తప్పుకాదనే భావం మన ఇళ్లలో ఊరికే పుట్టలేదు. 1857 తిరుగుబాటు అణచడానికైన ఖర్చు రాబట్టుకోవడానికి 1860లో జేమ్స్ విల్సన్ అనే దొర ఈ దేశంలో ఇన్‌కంటాక్సు పెట్టాడు. మనల్ని కొట్టిన కర్ర ఖరీదు మన దగ్గరే వసూలు చేసినట్టు! స్వాతంత్ర్యం వచ్చాక 1973-74లో పైతరగతి వాళ్లకి సర్‌ఛార్జీతో కలిపి 97.75 శాతం దాకా వెళ్లింది. వందలో రెండున్నర రూపాయలు కూడా మిగలనప్పుడు దాచుకోవడం తెలివి అనుకున్నారు ఆ తరంవారు. ఆ రేటు ఎప్పుడో పోయింది. ఆ తెలివి మాత్రం పోలేదు. అంత ఆదాయం ఏనాడూ లేని మనలాంటి ఇళ్లలోకి కూడా వచ్చేసింది.

నాకు రాత్రి నిద్ర పట్టలేదు. నేనూ కల్పనలు రాసేదాన్నే కదా. లేని మనుషుల్ని పుట్టిస్తాను, జరగని పెళ్లిళ్లు చేస్తాను, దానికి డబ్బు కూడా తీసుకుంటాను. మరి ఆడిటరు గారు నా గురించి రాసిన కుట్టుమిషను కథకీ, నా నవలకీ తేడా ఏమిటి? తెల్లవారుజామున తట్టింది. నా పుస్తకం అట్ట మీద నవల అని ఉంటుంది. చదివేవారికి అది కల్పనని తెలుసు, తెలిసే చదువుతారు. రిటర్ను మీద ఆ మాట లేదు. కల్పనలో తప్పు లేదు, అది కల్పనని ఎదుటివాడికి చెప్పకపోవడంలో ఉంది.

అలాగని నేనేదో హరిశ్చంద్రుడి చెల్లెల్ననుకోకండి. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయినప్పుడు నా బియ్యం డబ్బాలోంచీ, పట్టుచీరెల మడతల్లోంచీ 14,500 బయటికొచ్చాయి. "ఇంత దాచావా!" అన్నారు మావారు. మీ ఇంట్లోనూ ఆ సన్నివేశం జరిగే ఉంటుంది. అప్పట్లో గ్వాలియర్ గృహిణి ఒకావిడ తను కూడబెట్టుకున్న 2,11,500 రూపాయలు బ్యాంకులో వేస్తే, అది లెక్కచెప్పని ఆదాయమన్నారట అధికారులు. ఇల్లు నడుపుతూ మిగుల్చుకున్న పొదుపే తప్ప ఆదాయం కాదని 2021లో ఆగ్రా ట్రిబ్యునలు ఆవిడ పక్షాన తీర్పు చెప్పింది. దాచుకోవడం వేరు, లేనిది కల్పించడం వేరు. పోపుడబ్బా డబ్బు గురించి నేను నోరెత్తలేదంతే, కుట్టి సంపాదించానని చెప్పలేదు.

మర్నాడు అత్తయ్యగారు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ అడిగారు. "రాత్రి కుట్టుపనీ కుట్టుపనీ అనుకున్నారు. ఎవరిదే అమ్మాయ్?"

"నాదేనట అత్తయ్యా. ఏడాదికి లక్షా ఎనభై వేలు సంపాదిస్తున్నాను."

ఆవిడ ఫక్కున నవ్వారు. తర్వాత కాసేపు ఏమీ అనలేదు. చేతిలో కాయ అలాగే ఉంది.

"మీ మామగారు జబ్బుపడి సెలవు పెట్టినప్పుడు మూడేళ్లు నేను మిషను తొక్కాను. జాకెట్టుకి అయిదు రూపాయలు. వీడి కాలేజీ ఫీజు అందులోంచే కట్టాను. ఎవరైనా వచ్చి చూస్తే, మా ఆవిడ కాలక్షేపానికి కుడుతోందనేవారు మీ మామగారు. కుట్టినదాన్ని నేనైతే కాలక్షేపమన్నారు. కుట్టనిదానివి నువ్వు, ఆదాయమంటున్నారు. బాగుందమ్మాయ్ మీ లెక్క!"

వాకిట్లో చెప్పులు వేసుకుంటున్న మావారు విన్నారు. ఏమీ అనకుండా వెళ్లిపోయారు.

మన పనికి లెక్క లేకపోవడం మా ఇంటి సంగతే కాదు. 2001 జనాభా లెక్కల్లో గృహిణుల్ని ఏ పనీ చేయనివాళ్ల కింద, బిచ్చగాళ్లతో, ఖైదీలతో కలిపి రాశారు. ఒక రోడ్డుప్రమాదం కేసులో నష్టపరిహారం గురించి చెబుతూ, 2010లో సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది. వండి, వార్చి, పిల్లల్ని పెంచిన మనిషికి లెక్కలో చోటు లేదు. భర్తకి పన్ను తగ్గించాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ మనిషికే దర్జీపనీ, ట్యూషన్లూ పుట్టుకొస్తాయి. నన్ను బాధపెట్టింది డబ్బు కాదు. నా పేరు వాడుకుంటూ నన్నే అందులోంచి తప్పించేశారు.

ఆ రాత్రి భోజనాలయ్యాక ఆయనే కదిపారు. "మీ ఆవిడకి ఏం వృత్తి రాయమంటారని అప్పట్లో ఆడిటరు గారు అడిగారు. ఆడవాళ్లు ఇంట్లో చేసే పని అనగానే అమ్మ మిషనే గుర్తొచ్చింది" అన్నారు.

"నేను రాస్తానని గుర్తుకు రాలేదా?"

"అది పని అనుకోలేదు" అన్నారు తల వంచుకుని.

అంతకంటే నిజాయితీగా ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. అందుకే పోట్లాడలేకపోయాను. కుట్టుపని తీసేస్తేగాని ఆరంకెలు చెప్పనని మాత్రం అన్నాను.

ఈసారి ఇద్దరం కలిసి వెళ్లాం. ఆ ఏటి వడ్డీ మావారి రిటర్నులో కలిపారు. వెనకటివాటికి, 2022లో వచ్చిన సదుపాయం ప్రకారం, రెండేళ్లవి దిద్దుకోవచ్చన్నారు ఆడిటరు గారు. అయితే కట్టాల్సినదాని మీద ఒకదానికి 25 శాతం, రెండోదానికి 50 శాతం అదనం. అన్నీ కలిపి డెబ్బై వేలు దాటింది. ఇంటికి రంగులు వేయించాలని దాచిన డబ్బు. చలానా కడుతున్నప్పుడు మావారి ముఖం చూసి, ఎందుకొచ్చిన గొడవ పెట్టానా అనిపించని మాట అబద్ధం. నీతి కూడా ఒక్కోసారి ఇల్లు గడిచే డబ్బులోంచే కట్టాలి.

నా వృత్తి దగ్గర ఈసారి "రచన" అని రాశారు. "రచయితల పుస్తకాల రాయల్టీకి మూడు లక్షల దాకా మినహాయింపుందమ్మా, పాత పద్ధతిలో వేస్తే" అన్నారు ఆడిటరు గారు ఉత్సాహంగా. మూడు లక్షల రాయల్టీ! తెలుగు నవల రాసేదానికి! నా 38,400కి అంత దూరం పోనక్కర్లేకుండానే పన్ను సున్నా అయింది. ఇంకో తమాషా, ఆ మినహాయింపు పుస్తకాలకేనట, పత్రికల్లో రాసినదానికి వర్తించదట. ఈ వ్యాసం చట్టం దృష్టిలో ఏమిటో మరి!

3,840 రూపాయలూ వెనక్కి వచ్చాయి. నా పాత రిటర్నుల్లో ఉన్న కుట్టుపనిని మాత్రం చెరపడం కుదరలేదు, గడువు దాటిపోయింది. ఆ పదేళ్లూ ప్రభుత్వంవారి దస్త్రాల్లో నేను దర్జీనే. 1961 నాటి చట్టానికి బదులు 2025లో కొత్త చట్టం చేసి 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు పెట్టారు. సెక్షన్ల అంకెలు మారాయిగాని, భార్య పేరున వేసిన డబ్బు సంగతి మారలేదు.

మా హాల్లో గోడ మీద వానమరక అలాగే ఉంది. వచ్చినవాళ్లు "రంగులు వేయించలేదేం?" అని అడుగుతూంటారు. మావారు నవ్వేసి ఊరుకుంటారు.

ఈసారి మీ సెల్‌ఫోనుకి ఆరంకెలు వచ్చినప్పుడు స్టవ్ కట్టేసి, చెయ్యి తుడుచుకుని, ఆ కాగితం ఒక్కసారి తెప్పించుకుని చదవండి. అందులో మీరేం పని చేస్తున్నారో చూసుకోండి. పోపు కావాలంటే మళ్లీ వేసుకోవచ్చు.