కారు ఒకటి, బస్సు మూడు

మద్దిలపాలెం జంక్షన్‌లో ట్రాఫిక్ ఎంతుందో తేల్చాలంటే ఇంజనీర్లు మనుషుల్ని లెక్కపెట్టరు, బళ్లని లెక్కపెడతారు. బళ్లు రకరకాలు కాబట్టి అన్నిటినీ ఒకే కొలతలోకి మారుస్తారు. దాని పేరు పీసీయూ, అంటే ప్యాసింజర్ కార్ యూనిట్. కారు ఒకటి. స్కూటర్ సుమారు అర. బస్సు దాదాపు మూడు. రోడ్డు దాటడానికి డివైడర్ మీద నించున్న మనిషికి ఇందులో అంకె లేదు.

నేను సాఫ్ట్‌వేర్ రాసి బతుకుతాను. దేన్ని ‘ఒకటి’ అనుకున్నామో ప్రోగ్రాం దాని బాగోగులే చూసుకుంటుందని ఈ పనిలో తొందరగానే తెలుస్తుంది. అయితే న్యాయంగా మాట్లాడాలి. పీసీయూని తయారుచేసినవాళ్లు మనుషులకి విలువ కట్టాలనుకోలేదు. ఏ బండి ఎంత రోడ్డు తింటుంది, వెనకవాళ్లని ఎంత ఆపుతుంది అన్నదే వాళ్ల ప్రశ్న, దానికిది మంచి జవాబే. చిక్కెక్కడంటే, అరవైమందితో కిక్కిరిసి గాజువాక వెళ్తున్న సిటీబస్సు ఆ పట్టికలో మూడు కార్ల అడ్డంకిగా మిగులుతుంది. రేపు “ఈ జంక్షన్‌కి ఏం కావాలి?” అని ఎవరైనా అడిగినా అదే పట్టిక తీస్తారు. జవాబు ఫ్లైఓవర్ అని వస్తే వింతేముంది?

అసలు ప్రశ్న ఇంకాస్త లోపలుంది. ఒకరి నిమిషం, ఇంకొకరి నిమిషం సమానమేనా?

రోడ్డు ప్రాజెక్టు వల్ల లాభం అని కాగితం మీద చూపించేదాంట్లో పెద్ద భాగం, ఆదా అయ్యే సమయమే. దానికి రూపాయల్లో విలువ కడతారు. మన హైవేల ఆర్థిక లెక్కలకి వాడే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మాన్యువల్, ఎస్పీ 30, కారులో వెళ్లే మనిషి గంటకి ఒక విలువ ఇస్తుంది, మామూలు బస్సులో వెళ్లే మనిషి గంటకి అంతకన్నా తక్కువిస్తుంది. సంపాదనలో తేడా ఉంది కాబట్టి సమయంలోనూ ఉందని తర్కం. బ్రిటన్‌లో ఉద్యోగ విధుల కోసం కాని ప్రయాణాలకి, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఒకే సగటు విలువ వాడే పద్ధతి చాలాకాలం నడిచింది. అక్కడ అర్థశాస్త్రం వేరే ఏమీ కాదు. ఉన్నవాళ్ల వీధులకే డబ్బు పారకూడదని ఎవరో కూర్చుని తీసుకున్న నిర్ణయమది. 1936లో అమెరికా చేసిన వరద నియంత్రణ చట్టం ఇంకో దారి చూపించింది: లాభాలు ఎవరికి చేరినా సరే, ఖర్చుకన్నా ఎక్కువైతే చాలు. నాకు ఆ “ఎవరికి చేరినా సరే” దగ్గరే గొంతులో ముల్లు పడుతుంది.

వైజాగ్‌లో ఈ ముల్లు ఇంకా బాగా గుచ్చుకుంటుంది. ఒకపక్క సముద్రం, పోర్టు. ఇంకోపక్క కొండలు. మధ్యలో మధురవాడ నుంచి కూర్మన్నపాలెం దాకా ఊరికి వెన్నెముకలా ఒకే హైవే. స్టీల్‌ప్లాంట్ షిఫ్టుకి వెళ్లేవాళ్లు, కాలేజీ పిల్లలు, లారీలు అందరూ దాని మీదే. అనకాపల్లి నుంచి పెందుర్తి మీదుగా ఆనందపురం దాకా ఆరు వరసల రోడ్డు వచ్చాక కూడా ఊళ్లో వెడల్పు పెరగలేదు. ఇక్కడ ఒకరికి అడుగు ఇవ్వాలంటే ఇంకొకరి దగ్గర తియ్యాల్సిందే.

తియ్యడానికి ఒకసారి ప్రయత్నించాం కూడా. బస్సులో వందమంది ఉంటే, ఒక్కడే ఉన్న కారుకన్నా దానికి వందరెట్లు రోడ్డు మీద హక్కుందని బొగోటా మేయర్‌గా చేసిన ఎన్రికే పెన్యలోసా వాదన. ఆ ఊరి బస్సు లేన్లు 2000లో మొదలయ్యాయి. కేంద్రం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం డబ్బుతో మనకీ పెందుర్తి, సింహాచలం కారిడార్లు వచ్చాయి. ఇప్పుడు బీఆర్టీఎస్ అంటే వెడల్పాటి రోడ్డని అర్థం. మొదట్లో ఉన్న ‘బస్సు’ని ఆటోవాళ్లు కూడా మర్చిపోయారు.

మెట్రో సంగతి 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూల్‌లోనే ఉంది, సాధ్యాసాధ్యాలు ఏడాదిలో చూడమని. పదేళ్లు దాటాక మొదటి దశ లెక్క 46.23 కిలోమీటర్లు, 11,498 కోట్లు. హైవే వెంట కొన్నిచోట్ల కింద రోడ్డు, పైన ఫ్లైఓవర్, ఆ పైన మెట్రో. అంటే బస్సు బదులు రైలు ఎక్కమంటూనే, కారు దిగక్కర్లేదని కూడా చెప్తున్నాం. రెండు కోరికల్నీ ఒకే స్తంభం మీద పెట్టడం ఇంజనీరింగ్‌కి కష్టం కాదు, ఖజానాకి కష్టం.

2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకి బస్సు టికెట్ లేదు. మంచిదే. కానీ స్టాపులో నిలబడ్డ అరగంటని ఎవరూ మాఫీ చెయ్యలేదు.

కారున్న మిత్రులు ఒక మాట అంటారు: లైఫ్‌టాక్స్ మేం కడుతున్నాం, పెట్రోలు మీద సెస్సు మేం కడుతున్నాం, రోడ్డు మాది. సెస్సు తారు పొయ్యడానికి పనికొస్తుంది, ఒప్పుకుంటాను. అయితే ఆ తారు కింద నేల అందరిదీ. ఇంకో వాదన బలమైనది. అంబులెన్సులో ఉన్న మనిషి నిమిషానికీ నా నిమిషానికీ తేడా లేదా? ఉంది. అది అవసరాన్ని బట్టి వచ్చిన తేడా కాబట్టే ఎవరూ చెప్పకుండానే పక్కకి తప్పుకుంటాం. జీతం స్లిప్పు చూపించి దారి అడిగితే తప్పుకోం.

పోనీ బళ్లు మానేసి తలలు లెక్కపెడదామా? బస్సుకి న్యాయం జరుగుతుంది. ఆరిలోవలో కొండవాలు మీద ఉండే నాలుగిళ్లకి, చక్రాల కుర్చీలో ఉన్న మనిషికి ఆ లెక్కలోనూ అన్యాయమే. వాళ్లెప్పుడూ తక్కువమందే.

సిగ్నల్ దగ్గర జనం దాటే సమయం లెక్కగట్టడానికి మామూలుగా సెకనుకి 1.2 మీటర్ల నడక అనుకుంటారు. 30 మీటర్ల వెడల్పుకి 25 సెకన్లు. మోకాళ్ల నొప్పులతో 0.8 మీటర్లే నడిచే మామ్మగారికి 37 పైనే కావాలి. ఆ పన్నెండు సెకన్లు ఇస్తే వెనక హనుమంతవాక వైపు బారు ఇంకాస్త పెరుగుతుంది, అందులో గాజువాక బస్సు కూడా ఉంటుంది. నేనైతే ఇచ్చేస్తాను. బస్సులో ఉన్నవాళ్లని ఇంకా అడగలేదు.