సోమరితనమా, జాగ్రత్తయా?

దారిద్ర్యమునకు కారణమేమని యడిగినచో మనలో ననేకులు పూర్వకర్మమనియో సోమరితనమనియో చెప్పుదురు. నవీనవిద్య నెరిగినవారు కర్మమాట విడిచిరి గాని, సోమరితనమను నిందను మాత్రము విడువలేదు. బడిపిల్లలకు మేమును దానినే నీతిగా బోధించుచున్నాము. ఈ నింద నిజము కానిచో లేమికితోడు బీదవానికి మరియొక యన్యాయము చేసినవారమగుదుము. కావున దీనిని విచారింపవలసియున్నది.

విచారణకు కావలసిన సాక్ష్యము పటాన్‌చెరునందే కలదు. 1972లో ఇచ్చట స్థాపితమైన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధనసంస్థ మెట్టపంటలకై యేర్పడినది. పంటను జూచిన చాలదు, పండించువానిని గూడ జూడవలెనని తలచి, ఆ సంస్థవారు 1975లో అప్పటి మహబూబ్‌నగరు జిల్లాలోని ఔరేపల్లి, దోకూరు గ్రామములను, మహారాష్ట్రమున నాలుగు గ్రామములను ఎన్నుకొనిరి. ఊరికి 40 కుటుంబములు: కూలివారు పదిండ్లు, చిన్న, నడిమి, పెద్ద రైతులు పదేసి యిండ్లు. పరిశోధకులు ఊరనే కాపురముండి, ఆదాయవ్యయములను, అప్పులను, కూలిదినములను ఏండ్లతరబడి వ్రాసికొనిరి.

ఆ గ్రామములలో జరిగిన యొక పరీక్షను బిన్స్‌వాంగరు పండితుడు 1980లో ప్రకటించెను. తక్కువైనను నిశ్చయముగా వచ్చు సొమ్ము కావలెనా, నాణెము కలిసివచ్చినచో హెచ్చుగా వచ్చు సొమ్ము కావలెనా యని నిజమైన ధనముతోనే గ్రామస్థుల నడిగిరి. పందెము పెద్దదైనప్పుడు దాదాపు అందరును మితమైన జంకునే చూపిరి. కలవానికిని లేనివానికిని నడుమ చెప్పదగిన భేదము కానరాలేదు. అనగా స్వభావమున ఇరువురు నొక్కటియే.

మరి సేద్యమున భేదమేల? రోజెన్‌జ్వైగు, బిన్స్‌వాంగరులు 1993లో ఆ లెక్కలనుండియే చూపిన దిది: వానరాక నిలుకడ తప్పినకొలది బీదరైతులు లాభము తక్కువైనను నష్టభయము తక్కువగల మార్గమునకు తిరుగుదురు, ధనికుల లాభమున కంతగా లోటు రాదు. కరవు వచ్చినచో ధనికునకు ఒక యేటి లాభము పోవును. బీదవాడు తిండికై ఎద్దుల నమ్ముకొనును. మరుసటి యేడు వానలు కురిసినను దున్నుటకు కాడి యుండదు. ఇది తెలిసినవాడు క్రొత్తవిత్తనమునకు వెనుదీయుట అజ్ఞానమా? పిల్లల కన్నము తప్పకుండ జూచుకొను గృహస్థధర్మమే యది. అయితే ఆ జాగ్రత్తయే అతనిని ఏటేట పేదగా నిలుపుచున్నది.

అట్లయిన ఉద్యమమునకు విలువ లేదా యని కొంద రడుగవచ్చును. కలదు, కాని తప్పటడుగుతో సర్వనాశము కానిచోటనే అది ఫలించును. పటాన్‌చెరు పారిశ్రామికవాడనే చూడుడు. పరిమితబాధ్యతగల కంపెనీ మునిగినచో వాటాదారుడు వాటాసొమ్మునే పోగొట్టుకొనును. ఋణదాతలు అతని యింటి గడప త్రొక్కరు. చట్ట మిచ్చిన యీ యభయముచేతనే ధనవంతులు సాహసించిరి. దీనిని సోమరిపోషణమని యెవ్వరు ననలేదు. రైతుకూలీల కట్టి యభయమే కోరినప్పుడు మాత్రము వారు చెడిపోదురని భయపడుచున్నాము!

ఇచ్చిన సాయమైనను నష్టభయము ననుసరించి పోలేదు. 2018లో తెలంగాణమున నారంభమైన రైతుబంధు ఎకరముల లెక్కను పట్టాదారునకు ముట్టెను. వానకు బెదరుచు పరుల భూమి దున్ను కౌలుదారునకు ముట్టలేదు.

కావున సాయము భూమిని జూచి గాక నష్టము మోయువానిని జూచి పోవలెను. పంటకు బీమా, కరవునాట కూలి, ఎద్దుల నమ్మనక్కరలేని యప్పు ముందుగా నుండవలెను. సాహసమును గూర్చిన యుపదేశము లటుపిమ్మట. అంతవరకు సోమరియను మాటను మా పాఠములనుండియైనను తొలగింతుము.