నా ఇంట ఇదొక్కటే

ధ్యాన భాగములు: సామెతలు 31:10-31, యోహాను 12:1-8



ఈ నెల నా తప్పిదమొకటి మీ యెదుట ఒప్పుకొని, దాని మూలముగా ప్రభువు నాకు నేర్పిన పాఠమును చెప్పగోరుచున్నాను.

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురము ప్రాంతములో లేసు అల్లిక ఎరుగనివారు అరుదు. 19వ శతాబ్దములో మిషనెరీలు మన స్త్రీలకు నేర్పిన ఈ పని క్రమముగా ఊరూరా వ్యాపించెను. కొక్కెపు సూది ఒకటి, నూలు దారపు ఉండ ఒకటి, సామగ్రి అంతే. అందులోనుండి పువ్వులు, ఆకులు, చక్రములు పుట్టును. అవి బల్లలమీదను, దిండ్లమీదను పరచుకొనుటకు సముద్రములు దాటి పరదేశములకు పోవుచున్నవి. ఈ అల్లికకు 2024వ సంవత్సరములో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది.

ఆ పని చేయు ఒక సహోదరి ఇంటికి ఒకనాటి సాయంకాలము ప్రార్థనకు వెళ్లితిని. అది తాటాకు ఇల్లు. ముంగిలి అలికి యున్నది. గుమ్మము ప్రక్కన పాత డబ్బాలో బంతి మొక్క పూచియున్నది. లోపల చిన్న చెక్కపీట, దానిమీద బైబిలు, బైబిలు క్రింద మల్లెపువ్వువంటి తెల్లని లేసు గుడ్డ. దానిని చూచి నేను, “ఎందుకమ్మా ఇది? అమ్మియుంటే పిల్లల పుస్తకాలకు వచ్చేది గదా!” అంటిని. బుద్ధి చెప్పితిననుకొంటిని.

ఆమె తల వంచుకొని, “అయ్యగారూ, పదేళ్ల పిల్లనప్పటినుంచి అల్లుతున్నాను. నా చేతి పని ఎన్ని ఇళ్లకు పోయిందో ఎరగను. నా ఇంట ఇదొక్కటే” అన్నది.

ప్రార్థన ముగించి బయలుదేరితిని. దారి పొడుగునా నా మాటయే నన్ను వెంబడించినది. “ఎందుకు అమ్మలేదు?” ఈ ప్రశ్న ఎక్కడనో వింటినే! ఇంటికి వచ్చి యోహాను సువార్త 12వ అధ్యాయము తెరచితిని. బేతనియలో మరియ విలువగల అత్తరు ప్రభువు పాదములకు పూసినప్పుడు, మూడు వందల దేనారములకు దానిని అమ్మి బీదలకు ఏల ఇయ్యలేదని అడిగినవాడు యూదా. నా మనస్సులో దొంగతనము లేదు. అయినను నా నోట వచ్చిన మాట అతని మాటయే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ప్రియులారా, సామెతల గ్రంథములోని గుణవతిని మనము కష్టజీవి అని పొగడుదుము. అయితే మూడు వచనములు కలిపి చదువుడి. 24వ వచనములో ఆమె తన పనిని వర్తకులకు అమ్మును. 22వ వచనములో తన ఇంటికొరకు పరుపులు, తనకొరకు మంచి వస్త్రములు సిద్ధపరచుకొనును. 31వ వచనములో ఆమె చేతి పనికి తగిన ఫలము ఆమెకే ముట్టవలెనని వాక్యము ఆజ్ఞాపించును. మనము మొదటిది మాత్రము పట్టుకొని, తక్కిన రెంటిని విడిచిపెట్టితిమి.

అందము దేవునికి పరాయిది కాదు. ప్రత్యక్ష గుడారము కట్టించినప్పుడు ఆయన బెసలేలును తన ఆత్మతో నింపి, విచిత్రమైన పనులు కల్పించు నేర్పు ఇచ్చెను (నిర్గమ 31). స్త్రీలు తమ చేతులతో వడికిన నీల ధూమ్ర రక్తవర్ణముల నూలు ఆ పనికి వచ్చెను (నిర్గమ 35). అడవిపువ్వును సొలొమోనుకంటె సొగసుగా అలంకరించిన తండ్రి, బీదవాని గుడిసెలో ఒక తెల్లని గుడ్డను చూచి కోపించునా?

అప్పుచేసి ఆడంబరము చేయుడని నేను చెప్పుటలేదు. పొరుగువానిని మించవలెనని కొనినది వేరు. చేతనున్న దానితో ఇంటిని సంతోషపరచుట వేరు. సున్నము వేసిన గోడయు, తోమిన చెంబును, వాకిట పువ్వును ఎవరిని అప్పులపాలు చేయవు. పనినుండి అలసి వచ్చినవానికి అవి సేదదీర్చును.

ఇక మూడవ మాట. 1982లో మరియా మీస్ అను జర్మను విదుషి నరసాపురపు లేసు స్త్రీలనుగూర్చి గ్రంథము వ్రాసెను. ఇంటిపనితోపాటు గంటల తరబడి అల్లు ఈ స్త్రీల కష్టమును తీరిక వేళ కాలక్షేపమని పేరుపెట్టి, బహు స్వల్పమైన కూలి ఇచ్చుచున్నారని ఆమె చూపెను. “ఇంట్లో ఊరకే కూర్చుని అల్లుకొనుచున్నది” అని మనమును అనలేదా? యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన అంగీలను పేతురునకు చూపుచు ఏడ్చిరి. మనము ఆ చేతులు చల్లబడిన తరువాతనే వాటి విలువ తెలిసికొందుమా?

కాబట్టి పురుషులారా, మీ ఇంటి స్త్రీ అల్లుచున్నప్పుడు ఆమెకు వెలుతురున్న చోటు ఇయ్యుడి. నీళ్ల బిందె మీరు మోయుడి. ఆమె కూలి ఆమె చేతికే ఇయ్యుడి. సంఘ పెద్దలారా, దారము ఎంత, కూలి ఎంత అని స్త్రీలు కలిసి లెక్క వ్రాసికొనునట్లు సహాయపడుడి. సహోదరీలారా, సంవత్సరమునకు ఒక్క అల్లికయైనను మీ ఇంట నుంచుకొనుడి.

మరుసటి వారము నేను ఆ సహోదరి ఇంటికి తిరిగి వెళ్లి, “అమ్మా, ఆనాడు నేను తప్పు మాట్లాడితిని, క్షమించు” అంటిని. ఆమె నవ్వి, పీట దగ్గరకు జరిపి, “వాక్యము చదవండయ్యా” అన్నది. ఆ తెల్లని గుడ్డమీదనే బైబిలు తెరచి సామెతలు 31వ అధ్యాయము చదివితిని. ఈసారి చివరి వచనమువరకు చదివితిని.

మన చేతులకు నేర్పునిచ్చిన ప్రభువు, ఆ చేతుల ఫలమును మన గృహములలోను నిలుపునుగాక. ఆమేన్.