సమ్మతి, సమత, సభ: ఫాంటసీ హాకీలో వీటో ఓటుపై ఒక నైతిక విచారణ

1. ప్రవేశిక

ఇద్దరు వ్యక్తులు ఇష్టపూర్వకంగా చేసుకున్న మార్పిడిని, దానిలో భాగం లేని ఇతరులు అన్యాయమని చెప్పి ఆపవచ్చునా? ఆపవచ్చునంటే ఏ ప్రాతిపదికపైన? వాణిజ్యంలోనూ న్యాయశాస్త్రంలోనూ రాజనీతిలోనూ ఈ ప్రశ్న పాతదే. ఆ రంగాలలో అది అనేక ఇతర సమస్యలతో పెనవేసుకొని ఉంటుంది. దానిని విడదీసి పరిశీలించేందుకు వీలైన ఒక చిన్న రంగం ఉత్తర అమెరికాలో ప్రాచుర్యం పొందిన ఫాంటసీ హాకీ.

ఇక్కడ హాకీ అంటే భారతదేశంలో మైదానంలో ఆడే హాకీ కాదు. కెనడా, అమెరికాలలో మంచుపై ఆడే ఐస్ హాకీ. అక్కడి నేషనల్ హాకీ లీగ్‌లో 32 జట్లున్నాయి. ఫాంటసీ లీగులో సాధారణంగా పది పన్నెండు మంది చేరి, ఆ జట్లలోని నిజమైన ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకొని తమ ఊహాజట్లను కూర్చుకుంటారు. ఆటగాడు వాస్తవంగా చేసిన గోల్, అందించిన అసిస్ట్, గోల్‌కీపర్ ఆపిన షాట్ ఊహాజట్టు ఖాతాలో జమ అవుతాయి. 1980లో న్యూయార్క్‌లో డేనియల్ ఓక్రెంట్, ఆయన మిత్రులు బేస్‌బాల్ కోసం ఏర్పరచుకున్న రోటిసరీ పద్ధతి ఈ తరహా ఆటలకు విస్తృత ప్రచారం తెచ్చింది.

సీజన్ నడుస్తుండగా ఇద్దరు మేనేజర్లు తమ ఆటగాళ్లను పరస్పరం మార్చుకోవచ్చు. దీనినే ట్రేడ్ అంటారు. అనేక లీగులలో ట్రేడ్ కుదిరిన తరువాత మిగిలిన సభ్యులకు కొంత గడువు ఇస్తారు. ఆ గడువులో నిర్ణీత సంఖ్యలో సభ్యులు వ్యతిరేకిస్తే ట్రేడ్ రద్దవుతుంది. ఇది వీటో ఓటు. మరికొన్ని లీగులలో ఈ అధికారం కమిషనర్ అనే ఒక్క నిర్వాహకునిదే. ఆ కమిషనర్ కూడా చాలాసార్లు లీగులో ఒక జట్టును నడిపే సభ్యుడే. వీటో ఓటు న్యాయాన్ని కాపాడుతున్నదా, లేక న్యాయం పేరుతో స్వార్థానికి సాధనమవుతున్నదా అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

2. విలువను కొలిచే కాలం

ట్రేడ్ అన్యాయమనేవారు సాధారణంగా చూపే కారణం అసమానత. ఒకరు ఎక్కువ ఇచ్చి తక్కువ పుచ్చుకున్నారన్నది ఆ వాదం. ఈ వాదం నిలవాలంటే ఆటగాని విలువను కొలిచే ఉమ్మడి కొలబద్ద ఉండాలి. ఫాంటసీ హాకీలో అటువంటి కొలబద్ద దొరకడం కష్టం. ఒక లీగు గోల్స్‌ను, అసిస్టులను మాత్రమే లెక్కిస్తే, మరొకటి ఢీకొట్టడాలను, షాట్లకు అడ్డుపడటాన్ని కూడా లెక్కిస్తుంది. ముగ్గురు మంచి గోల్‌కీపర్లున్న జట్టుకు మూడవవాని విలువ స్వల్పం. ఒక్కడూ లేని జట్టుకు అతడే ప్రాణాధారం. కాబట్టి విలువ ఆటగానిలో మాత్రమే లేదు, అతనిని కోరే జట్టు అవసరంలో కూడా ఉంది.

కాలం మరొక చిక్కు తెస్తుంది. ఎరిక్ లిండ్రోస్ ఉదంతం దీనికి మంచి నిదర్శనం. 1991లో క్యూబెక్ నోర్డిక్స్ జట్టు అతనిని మొదటి ఎంపికగా తీసుకున్నది. అతడు ఆ జట్టుకు ఆడనన్నాడు. 1992లో క్యూబెక్ యాజమాన్యం అతనిని ఫిలడెల్ఫియాకు, న్యూయార్క్ రేంజర్స్‌కు కూడా ఇచ్చినట్లు వివాదం తలెత్తగా, మధ్యవర్తి లారీ బెర్టూజీ ఫిలడెల్ఫియా పక్షాన తీర్పు చెప్పారు. బదులుగా క్యూబెక్‌కు పలువురు ఆటగాళ్లు, రెండు మొదటి రౌండు ఎంపికలు, 1.5 కోట్ల డాలర్లు దక్కాయి. ఆ ఆటగాళ్లలో అప్పటికి నేషనల్ హాకీ లీగ్‌లో ఒక్క ఆట కూడా ఆడని పీటర్ ఫోర్స్‌బర్గ్ ఉన్నాడు. 1995లో లిండ్రోస్ అత్యంత విలువైన ఆటగానికిచ్చే హార్ట్ ట్రోఫీ గెలిచాడు. అదే ఏడాది క్యూబెక్ జట్టు కొలరాడోకు తరలిపోయి, 1996లో ఫోర్స్‌బర్గ్‌తో కలిసి స్టాన్లీ కప్ సాధించింది. ఈ మార్పిడిలో ఎవరు మోసపోయారన్న ప్రశ్నకు 1992లో ఒక సమాధానం, 1995లో మరొకటి, 1996లో ఇంకొకటి వచ్చేది.

మధ్యవర్తి తీర్పు విలువల తూకంపై ఆధారపడలేదు. ఏ ఒప్పందం ముందుగా, సక్రమంగా కుదిరిందన్నదే ఆయన ఎదుట నిలిచిన ప్రశ్న. తెలియని భవిష్యత్తును తూచడం కంటే జరిగిన సమ్మతిని నిర్ధారించడం తీర్పరికి సాధ్యమైన పని.

3. సమ్మతి ఒక్కటే చాలునా

అట్లయితే సమ్మతి ఉన్న ప్రతి ట్రేడ్ న్యాయమేననాలి. రాబర్ట్ నోజిక్ 1974లో వెలువరించిన గ్రంథంలో బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు విల్ట్ చాంబర్లేన్‌ను ఉదాహరణగా తీసుకొని ఇటువంటి వాదమే చేశాడు. న్యాయమైన పంపకంతో మొదలై, ప్రేక్షకులు తమ డబ్బును ఇష్టపూర్వకంగా అతనికిస్తే, ఫలితంగా ఏర్పడిన అసమానత కూడా న్యాయమైనదేనన్నది దాని సారం. ఇందులో భాగం లేని మూడవ వ్యక్తుల వాటా చెక్కుచెదరలేదు కనుక వారికి ఫిర్యాదు చేసే ఆధారం లేదని ఆయన భావించాడు.

ఫాంటసీ లీగుకు ఈ వాదాన్ని యథాతథంగా అన్వయించడం కుదరదు. ట్రేడ్ వల్ల మూడవ సభ్యుని జట్టులో ఒక్క ఆటగాడు కూడా తగ్గడు. ఆ మేరకు నోజిక్ మాట నిజం. కానీ లీగులో ప్రతి సభ్యుడు కోరేది ఆటగాళ్లను కాదు, స్థానాన్ని. స్థానం సాపేక్షమైనది. పొరుగు జట్టు బలపడితే తన జట్టు మారకుండానే తన స్థానం పడిపోవచ్చు. కాబట్టి మూడవ వ్యక్తికి నష్టమే లేదనడం సరికాదు.

అయితే నష్టం వేరు, అన్యాయం వేరు. ప్రత్యర్థి బాగా ఆడినా నష్టమే కలుగుతుంది; దానిని ఎవరూ అన్యాయమనరు. జాన్ రాల్స్ 1971 నాటి తన గ్రంథంలో శుద్ధ ప్రక్రియాన్యాయాన్ని వివరించడానికి పందేలనే ఉదాహరణగా తీసుకున్నాడు. నిబంధనలు సమంగా ఉండి, ఎవరూ మోసగించక, అందరూ ఇష్టపడి పందెం కాస్తే, చివరికి ఎవరి చేతిలో ఎంత మిగిలినా అది న్యాయమే. ఫలితాన్ని బయటినుంచి కొలిచే వేరే ప్రమాణం లేదు. దీనిని బట్టి ట్రేడ్ విషయంలో అడగవలసినది ఫలితం సమంగా ఉందా అని కాదు. ప్రక్రియ చెడిందా అని. రాల్స్, నోజిక్‌లు అనేక విషయాలలో విభేదించినా, ఈ చిన్న క్షేత్రంలో ఇద్దరూ ఒకే దిక్కును చూపుతారు.

4. ఓటు దేనిని కొలుస్తుంది

ప్రక్రియ చెడిందో లేదో తేల్చడానికి బహుజన నిర్ణయం మంచి మార్గమని వీటో ఓటును సమర్థించేవారు అంటారు. ఒక్కరి పొరపాటును పలువురు సరిదిద్దుతారన్నది వారి విశ్వాసం. దీనికి గణితపరమైన ఆధారాన్ని 1785లోనే కాండోర్సే ఇచ్చాడు. ప్రతి ఓటరూ సరైన తీర్పు వైపు మొగ్గే అవకాశం సగానికి మించి ఉండి, ఒకరి తీర్పు మరొకరిపై ఆధారపడకుంటే, సంఖ్య పెరిగే కొద్దీ అధికసంఖ్యాకుల నిర్ణయం సత్యానికి దగ్గరవుతుంది. ఆ అవకాశం సగానికి తగ్గితే సంఖ్య పెరిగే కొద్దీ అసత్యానికే బలం చేకూరుతుందన్నది అదే సిద్ధాంతం మరో ముఖం.

పన్నెండు మంది సభ్యుల లీగులో ఇద్దరు ట్రేడ్ చేసుకుంటే ఓటు వేసేది పదిమంది. ఆ పదిమందీ ఆ ఇద్దరికి పోటీదారులే. గోల్‌కీపర్లు ఎక్కువై గోల్స్ చేసేవారు లేని జట్టు, అందుకు విపరీత స్థితిలో ఉన్న మరొక జట్టుతో మార్పిడి చేసుకున్నదనుకోవచ్చు. ఇద్దరి లోటూ తీరింది. ఇంతకంటే సమంజసమైన ట్రేడ్ ఉండదు. కానీ మిగిలిన పదిమంది దృష్టిలో ఒకేసారి ఇద్దరు ప్రత్యర్థులు బలపడ్డారు. ఏకపక్షమైన ట్రేడ్‌లో ఒక ప్రత్యర్థి బలపడితే మరొకడు బలహీనపడతాడు. దానిని సహించడానికి కొందరికైనా కారణం ఉంటుంది. కాబట్టి సభ్యులు స్వప్రయోజనాన్ని బట్టి ఓటు వేస్తే, ఇరుపక్షాలకూ మేలుచేసే ట్రేడ్‌కే ఎక్కువ ముప్పు. న్యాయాన్ని కాపాడటానికి పెట్టిన ఓటు న్యాయమైన మార్పిడినే ముందుగా తిరస్కరించే స్థితి ఏర్పడుతుంది.

తన వ్యాజ్యంలో తానే తీర్పరి కారాదన్న సూత్రం ఇందుకే పుట్టింది. ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో ఐదు శాశ్వత సభ్యదేశాలకు వీటో ఉన్నప్పటికీ, వివాదాల శాంతియుత పరిష్కారానికి సంబంధించిన 6వ అధ్యాయం కింద తీసుకొనే నిర్ణయాలలో, వివాదంలో పక్షమైన దేశం ఓటుకు దూరంగా ఉండాలని ఆ సంస్థ నియమావళిలోని 27వ అధికరణం చెబుతుంది. ఫాంటసీ లీగులలో ట్రేడ్ చేసుకున్న ఇద్దరినీ ఓటు నుంచి తప్పించడం సులభం. ట్రేడ్ వల్ల స్థానం కోల్పోయే పదిమందీ కూడా ఒక విధంగా పక్షాలేనన్న సంగతి మాత్రం మరుగున పడుతుంది.

ఓటుకు బదులు ఒక్కరికి అధికారమిచ్చినా ఈ చిక్కు తీరదు. 1976లో ఓక్లండ్ బేస్‌బాల్ జట్టు యజమాని చార్లీ ఫిన్లీ ముగ్గురు ప్రముఖ క్రీడాకారులను మొత్తం 35 లక్షల డాలర్లకు విక్రయించగా, కమిషనర్ బౌవీ కూన్ ఆట శ్రేయస్సు పేరుతో ఆ విక్రయాలను రద్దు చేశారు. 1978లో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం ఆయన అధికారాన్ని సమర్థించింది. నిర్ణయం మంచిదా కాదా అన్నది వివాదాస్పదమైనా, కూన్‌కు సొంత జట్టు లేదు. 2011 డిసెంబరులో బాస్కెట్‌బాల్ కమిషనర్ డేవిడ్ స్టెర్న్, న్యూ ఓర్లీన్స్ నుంచి క్రిస్ పాల్ లాస్ ఏంజెలిస్ లేకర్స్‌కు వెళ్లే ట్రేడ్‌ను ఆపారు. అప్పటికి న్యూ ఓర్లీన్స్ జట్టు యాజమాన్యం ఆ లీగు చేతిలోనే ఉంది. స్టెర్న్ యజమాని తరఫున మాట్లాడారా, తీర్పరిగా మాట్లాడారా అన్న సందేహం ఆ నిర్ణయాన్ని వదలలేదు. సొంత జట్టును నడిపే ఫాంటసీ కమిషనర్ పరిస్థితి కూన్ పరిస్థితి కంటే స్టెర్న్ పరిస్థితికే దగ్గర.

5. సభ మౌనం కూడా దోషమే

ఇంతమాత్రాన జోక్యమే వద్దనడం తొందరపాటు. నియమం పైకి చెడకుండానే అన్యాయం జరిగిన ఆట భారతీయ సాహిత్యంలో ప్రసిద్ధం. నన్నయ తెనిగించిన సభాపర్వంలోని ద్యూతానికి ధర్మరాజు సమ్మతించాడు. పందేలు తన నోటితోనే పలికాడు. ఒక్కొక్కటిగా పరిశీలిస్తే ప్రతి పందెమూ సమ్మతితో కాచినదే. అయినా తన్నోడి తరువాత తననొడ్డే హక్కు అతనికున్నదా అని ద్రౌపది వేసిన ప్రశ్న, సమ్మతి అనే మాట వెనుక దాగిన లోపాన్ని బయటపెట్టింది. పెద్దలు సూటిగా బదులు చెప్పలేదు. మాట్లాడినవాడు కౌరవులలో ఒకడైన వికర్ణుడు.

ఈ ఘట్టం నుంచి రెండు విషయాలు గ్రహించవచ్చు. సమ్మతి కనిపించినంత మాత్రాన సభ బాధ్యత తీరదు. అట్లాగే ప్రయోజనం ఉన్నవాడు న్యాయం పలకలేడనడం కూడా తప్పు. వికర్ణుడు తన పక్షానికి ప్రతికూలంగానే పలికాడు. కానీ అటువంటివాడు ఒక్కడే లేచాడు, అతని మాట చెల్లలేదు. వ్యక్తుల ధర్మబుద్ధిపై మాత్రమే ఆధారపడిన వ్యవస్థ ఎంత బలహీనమో దీనివల్ల తెలుస్తుంది.

ఫాంటసీ లీగులోనూ ఇటువంటి ఘట్టాలు వస్తాయి. గెలిచే ఆశ లేని సభ్యుడు తన మేటి ఆటగాళ్లను మిత్రునికి ధారపోయవచ్చు. ఇద్దరు బహుమతిని పంచుకుందామని ముందే కూడబలుక్కోవచ్చు. ఇక్కడ సమ్మతి ఉంది, మోసపోయిన పక్షం లేదు. మోసపోయింది లీగు.

6. జోక్యానికి తగిన ప్రమాణం

ఈ రెండు చివరల మధ్య నిలిచే ప్రమాణం కావాలి. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో బోధించిన బెర్నార్డ్ సూట్స్, ఆట అంటే అనవసరమైన అడ్డంకులను ఇష్టపూర్వకంగా దాటే ప్రయత్నమని నిర్వచించాడు. ఆ ప్రయత్నమే లేనప్పుడు నియమం తప్పకున్నా ఆట ఉండదు. దీనిని బట్టి తోటి సభ్యులు ఒకరినుంచి ఒకరు కోరగలిగింది గెలవడానికి ప్రయత్నించడమే కాని, తెలివిగా ప్రయత్నించడం కాదు. తెలివితక్కువ ట్రేడ్ చేసే హక్కు ప్రతి సభ్యునికీ ఉంది. ఆట మానేసి ఆడుతున్నట్లు నటించే హక్కు ఎవరికీ లేదు.

ఆ ప్రయత్నం ఉన్నదని ఎట్లా తెలుస్తుంది? భారత ఒప్పందాల చట్టం, 1872, 25వ సెక్షను వివరణ ఇక్కడ ఉపకరిస్తుంది. ప్రతిఫలం చాలదన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదు. అయితే సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదా అని తేల్చేటప్పుడు ప్రతిఫలం చాలకపోవడాన్ని న్యాయస్థానం పరిగణించవచ్చు. అంటే అసమానత నేరం కాదు, అనుమానానికి ఆధారం. ట్రేడ్ మరీ ఏకపక్షంగా కనిపిస్తే ఇరువురినీ కారణం అడగవచ్చు. తన జట్టు మేలు దృష్ట్యా చెప్పగల కారణం ఉంటే, ఇతరులకు అది నచ్చకపోయినా ట్రేడ్ నిలవాలి.

కారణం లీగు స్వభావాన్ని బట్టి మారుతుంది. సీజన్ ముగియగానే జట్లన్నీ రద్దయ్యే లీగులో, చివరిస్థానంలో ఉన్న సభ్యుడు మేటి ఆటగానిని ఇచ్చి గాయపడి సీజన్‌కు దూరమైన కుర్రవానిని తీసుకోవడానికి కారణం దొరకదు. ఆటగాళ్లను మరుసటి ఏడాదికి ఉంచుకునే లీగులో అదే ట్రేడ్ దూరదృష్టి అనిపించుకుంటుంది.

మిగిలిన కఠినమైన సందర్భం కొత్తవానిది. అతడు స్వేచ్ఛగానే సమ్మతించాడు, గెలవాలనే అనుకున్నాడు. ఆటగాడు గాయపడిన సంగతి మాత్రం అతనికి తెలియదు. అవతలి మేనేజర్ అబద్ధం చెప్పి ఉంటే అది మోసం. ట్రేడ్‌ను రద్దు చేయవచ్చు. అతడు మౌనం వహించి ఉంటే, సమాచారం అందరికీ బహిరంగంగా లభిస్తున్నందున రద్దుకు ఆధారం తక్కువ. అయినా తోటివాని అమాయకత్వంపై గెలవడం నియమం ఒప్పుకున్నంత మాత్రాన ప్రశంసనీయం కాదు. నియమం నిషేధించని ప్రతిదీ నీతి అనుమతించదు. ఇక్కడ తగిన చికిత్స వీటో కాదు. కొత్తవారి ట్రేడ్‌లకు పునరాలోచన గడువు వంటి, అందరూ ముందే ఒప్పుకున్న ఏర్పాటు.

7. ముగింపు

ట్రేడ్ అసమానంగా ఉండటం, అన్యాయంగా ఉండటం ఒకటి కావు. విలువ జట్టు అవసరాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది కనుక అసమానతను రద్దుకు కారణం చేయరాదు. కుమ్మక్కు, మోసం, గెలిచే ప్రయత్నాన్ని విడిచిపెట్టడం మాత్రమే జోక్యానికి అర్హమైన కారణాలు. ప్రత్యర్థుల ఓటు వీటిని కొలవలేదు. స్థానం కోల్పోతామన్న భయాన్ని కొలుస్తుంది. కారణం అడిగి వినే బాధ్యతను ఆ లీగులో జట్టు లేని వ్యక్తికి అప్పగించి, ఏ కారణం చెల్లుతుందో సీజన్‌కు ముందే రాసుకోవడం ఇంతకంటే మేలైన మార్గం. ఎవరి జట్టు ఏ స్థానంలో నిలుస్తుందో ఎవరికీ తెలియని ఆ సమయంలోనే సభ్యులు నిష్పాక్షికంగా ఆలోచించగలరు. సీజన్ మధ్యలో న్యాయం పేరుతో ఓటు వేసేవాడు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: ఇదే ట్రేడ్ తాను చేసుకొని ఉంటే, దానిని ఇతరులు ఆపడాన్ని న్యాయమని ఒప్పుకునేవాడా?